లావోస్ పిల్ల నానబోసిన బియ్యం

శ్రావణ అమాస, శనివారం, తెల్లారగట్ల ఐదు గంటల ఇరవై నిమిషాలు. టైము నా కండ్లతోని నేనే చూసిన. గోడ గడియారం చూసి టైము చెప్పుడు నాకు అరవై దాటినంక వచ్చింది, అక్షరాలతోపాటే. అందుకే టైము రాసే మోక దొరికితె ఇడిసిపెట్టను. ఆ టైముల మా ఇంటి వెనుక గోడ కింద, తడి మట్టి మీద, నాలుగు అరటాకు పొట్లాలు పెట్టినం. ఎందుకు పెట్టినమో చెప్పాల్నంటె ముందు నేను చేసిన తప్పు చెప్పాలె. తప్పు నాదే. ఇంకొకళ్ళ మీదికి తోసి రాసుడు నాకు రాదు.

మా ఇల్లు హన్మకొండల ఉంటది, పెద్ద కాలేజీకి ఆటోల పది నిమిషాలు. మా ఆయన కాజీపేటల రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్ పని చేసిండు. రిటైరైనంక ఈ ఇల్లు కట్టిండు. పై రూముకు రంగు ఎయ్యకముందే పోయిండు. కింద నేను, కొడుకు, కోడలు, మనుమరాలు ఉంటం. కొడుకుది కూడ రైల్వే డ్యూటీయే, ఇంట్ల కంటె బండి మీదనే ఎక్కువుంటడు. పైన రెండు మంచాల రూము చదువుకునే ఆడపిల్లలకు కిరాయికిస్తం.

ముందు థాయిలాండ్ పిల్ల వచ్చింది. పెద్ద పట్నంల పుట్టి పెరిగిన పిల్ల. సన్నగ, గోర్లకు రంగు, ఎప్పుడు నవ్వుమొఖమే. వచ్చిన వారానికే "అవ్వా, తిన్నవా?" అనుడు నేర్చుకున్నది. రెండు నెలలకు లావోస్ పిల్ల వచ్చింది. మాట తక్వ. ఎవరు చెప్పకముందే పొద్దున లేచి మెట్లు ఊడ్చేది. లావోస్ అనే దేశం ఒకటి ఉన్నదనే నాకు తెల్వది. కోడలు ఫోన్ల పటం తీసి చూపెట్టింది. నడుమ పెద్ద నది. ఇటు ఒకళ్ళు, అటు ఒకళ్ళు.

"ఒక్క తీరు మొఖాలు, ఒక్క తీరు మాట. ఇద్దర్ని ఒక్క రూములెయ్యి, అక్కచెల్లెండ్ల లెక్క ఉంటరు" అన్న కోడలితోని.

కోడలు నా దిక్కు అదో తీరుగ చూసింది. "మాట ఒకటైతే అక్కచెల్లెళ్ళయిపోతారా అత్తయ్యగారూ?" అన్నది.

ఆ మాట నాకు తగలాలె. తగల్లె. ఎందుకు తగలాల్నో చెప్త.

నా కోడలిది గోదావరి దిక్కు. నా కొడుకు ఆమెను ఇష్టపడి చేసుకున్నడు. పెండ్లయి పదేండ్లు దాటినా, పక్కింటోళ్ళతోని మాట్లాడితె నేను ఆమెను "మా ఆంధ్రామె" అనేదాన్ని. కోడలు అనే మాట నా నోట్లె నుంచి రాకపోయేది. లగ్గం మాటలకు వాళ్ళింటికి పోయినప్పుడు రెండు దినాలు నోరు తెరువలె. నోరు తెరిస్తె నా మాటకు నవ్వుతరని. వాళ్ళు నన్ను మూగదనుకున్నరట, తర్వాత తెలిసింది.

ఆ భయం ఊరికే రాలె. పడుచుదాన్నప్పుడు రఘునాథపల్లి దిక్కు, గుంటూరు నుంచి వచ్చి భూములు కొన్నోళ్ళ మిరపచేన్లకు కూలికి పోయేది. మేము మాట్లాడితె ఆ ఇంటామె మా మాట మాకే అప్పజెప్పి నవ్వేది. "ఏందట, గట్లనట" అని. మేము తక్వ తిన్నమా? కాయ ఏరుకుంట వాళ్ళ "అండీ"లను సాగదీసి ఎక్కిరించేది. ఇంట్లకు రానిస్తె ఇల్లు రాయించుకుంటరనేది. వాళ్ళేమో మేము కల్లు తాగి పండుతమని, మాకు సేద్యం రాదని. నీళ్ళు, నౌకరీలు అని లొల్లి నడిచిన దినాలల్ల నేను కూడ జెండా పట్టి రోడ్డు మీద కూసున్న. కూసున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. ఇంటికొచ్చి ఆ కోపం కోడలు చేసిన పులుసు మీద చూపెట్టినందుకు ఉన్నది. ఆమె పులుసుల బెల్లం ఏస్తది. "కూరనా ఇది, పాయసమా?" అని కంచం జరిపేది.

ఆమె కూడ ఏం తక్వ కాదు. "నాయనమ్మలా మాట్లాడకు, స్కూల్లో నవ్వుతారు" అని నా మనుమరాలికి చెప్పుతాంటె వంటింటి తలుపు సందుల నుంచి ఇన్న. ఆనాడు అన్నం తినలె.

గని నాకు అక్షరాలు నేర్పింది ఆమెనే. ఆమె ఒక చిన్న బడిల పంతులమ్మ. బడులన్ని ఫోన్లకెక్కిన ఏడు, మనుమరాలిని టేబుల్ కాడ కూసోపెట్టి చెప్తాంది. నేను పక్కపొంటి కూసోని బియ్యంల రాళ్ళు ఏరుతాన. "మీరూ పలక పట్టండి అత్తయ్యగారూ, రాళ్ళెక్కడికీ పోవు" అన్నది. ఎక్కిరిస్తాందనుకున్న. నిజంగనే పలక తెచ్చి ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి బస్సు బోర్డు చదివిన, నూనె ప్యాకెటు చదివిన, మా ఆయన ఫించను కాయితం చదివిన. నేను మాట్లాడినట్టు రాస్తె ఆమె ఏనాడు కొట్టెయ్యలె. ఇయ్యాల ఇది రాస్తానంటె ఆమె పుణ్యమే. ఆ సంగతి ఆమెకు మొఖం మీద ఏనాడు చెప్పలె.

ఇగ పై రూము సంగతి.

తొమ్మిది పది నెలలు బానే గడిచిందనుకున్న. లొల్లి లేదు, తలుపు దబదబ లేదు. చప్పుడు లేకపోతె అంత మంచిగనే ఉన్నదనుకునుడు మా పెద్దోళ్ళ మూర్ఖం. కోడలికి ఇంగ్లీషు వచ్చుగద, ఇద్దరు ఎవలకు వాళ్ళు వచ్చి ఆమెకు చెప్పుకునేది. ఆమె నాకు చెప్పేది.

థాయిలాండ్ పిల్ల ఫోన్ల దోస్తులతోని మాట్లాడుకుంట నవ్వేదట. వాళ్ళ పట్నంల మోటుగ ఉన్నోళ్ళను "లావోస్ దాని లెక్కున్నవేందే" అంటరట. తిట్టే అది. లావోస్ పిల్ల పక్క మంచం మీదనే కూసోని ఇనేది. ఆమెకు ప్రతి మాట తెలుస్తది, ఎందుకంటె చిన్నప్పటి నుంచి నది అవుతలోళ్ళ టీవీ చూసి పెరిగింది. లావోస్ పిల్ల మాట థాయిలాండ్ పిల్లకు సగం తెల్వదట. తెలుసుకునే అక్కర ఆమెకు లేదు, అంతే.

లావోస్ పిల్ల కూడ తక్వేం కాదు. "వాళ్ళ నవ్వు పెదవులకాడనే ఆగుతది ఆంటీ, లోపలికి పోదు" అన్నదట కోడలితోని. ఉప్పు అయిపోతె పక్క మంచం పిల్లను అడగదు, మెట్లు దిగి నా దగ్గరికి వస్తది. ఎన్నడో పాత కాలంల మా పచ్చరాయి బుద్ధుణ్ణి థాయిలాండోళ్ళు ఎత్తుకపోయిన్రని లావోస్ పిల్ల. మేము కాపాడినమని థాయిలాండ్ పిల్ల. ఈ ఇద్దరు కాదుగద, అప్పటికి వాళ్ళ ముత్తాతలు సుత పుట్టలె.

ఊరవెట్టిన చేపలది సీసా ఒకటి ఉండె లావోస్ పిల్లకు. మూత తీస్తె మెట్ల దాక కంపు. థాయిలాండ్ పిల్ల ముక్కు మూసుకొని "బయట పెట్టు" అన్నది. ఆ సీసా నీళ్ల ట్యాంకు కిందికి పోయింది. కంపు నాకూ వచ్చింది, ఉన్నమాట. నేను సుత ఏమనలె.

శుక్రవారం పొద్దున లావోస్ పిల్ల కిందికి వచ్చి "అవ్వా, గిన్నె" అన్నది. పెద్ద గిన్నె ఇచ్చిన. ఒక గుడ్డ సంచిల నుంచి బియ్యం పోసి, కడిగి, నీళ్ళు పోసి, నల్లా పక్కన పెట్టి కాలేజీకి పోయింది. రెండు కిలోలుంటయి కావచ్చు. సంచి మొత్తం దులిపింది.

నేను పదకొండు గంటలకు చూసిన. బియ్యం సున్నం ముక్కల లెక్క తెల్లగైనయి, అన్నం బియ్యం అట్ల కావు. ఇప్పుడు నా బుర్ర ఎట్ల పని చేసిందో చెప్త, నవ్వకుండ్రి. మొన్ననే ఆ పిల్ల నేను చేసిన సకినాలు తిని, రెండోసారి చెయ్యి చాపింది. మా ఇండ్లల్ల నానబోసిన బియ్యం ఊరికే ఉండయి, పిండి కావాలె. సకినాలకు బియ్యం నానాలె, వడగట్టాలె, గుడ్డ మీద ఆరాలె, తడి మీదనే గిర్నిల పట్టియ్యాలె. ఆలస్యమైతె పులుస్తది. పాపం, పిల్లకు నానబోసుడు దాకనే తెలుసు, మిగతాది అవ్వ చేస్తదని పెట్టి పోయింది అనుకున్న. వడగట్టిన. చీర పరిచి ఆరబోసిన. మోసుకొని గిర్నికి పోయిన.

పై వరండాల థాయిలాండ్ పిల్ల నిలబడి తల దువ్వుకుంటాంది. నన్ను చూసింది, గిన్నెను చూసింది. నవ్వింది. నేనూ నవ్విన.

పిండి తెచ్చి నువ్వులు, వాము కలిపి బట్ట మీద సుడితిప్పిన. నా చేతిల సకిన ఏనాడు తప్పలె. ఆనాడు సుట్టు నిలబడదు. ఒక సుట్టు మీదికి ఇంకో సుట్టు జారి, ముద్దై, రొట్టె లెక్క కూసుంటాంది. సరే, కాలినంక చూద్దమని నూనెల ఏసిన. ఉబ్బింది. టప్పుమని పేలింది. నూనె ఎగిరి మణికట్టు మీద పడ్డది. రెండోది ఏసిన, అదీ పేలింది. నలభై ఏండ్ల చెయ్యి మీద నాకే అనుమానం వచ్చి పొయ్యి బందు చేసిన. వాము కలిపింది ఒక పిడికెడే, మిగిలిన పిండి గిన్నెల అట్లనే ఉన్నది.

మూడు గంటలకు లావోస్ పిల్ల వచ్చింది. నల్లాకాడ చూసింది. గిన్నె నా ముంగట, పిండితోని. నేను మణికట్టుకు వెన్న పూసుకుంట "బిడ్డా, నీ బియ్యం ఏం బియ్యమే, బాంబుల లెక్క పేలుతున్నయి" అన్న.

ఆ పిల్ల పిండిల వేలు పెట్టి చూసింది. నాకు రెండు చేతులు జోడించి, ఎప్పటి లెక్కనే తల వంచి, మెట్లెక్కి పోయింది. జర సేపటికి పైన ఏడుపు. తర్వాత లొల్లి. వాళ్ళ భాషల తిట్లు నాకు తెల్వయి గని తిట్టు ఏ భాషల ఉన్నా తిట్టే. దబ్బుమని తలుపు. థాయిలాండ్ పిల్ల వరండాలకు వచ్చి నిలబడ్డది, లోపలి నుంచి గడియ.

నాలుగింటికి కోడలు బడి నుంచి వచ్చి, చెప్పు ఇడువకుండనే పైకి పోయింది. అరగంటకు దిగింది. నా పక్కన మెట్టు మీద కూసున్నది.

"అత్తయ్యగారూ, అవి మామూలు బియ్యం కావు. జిగురు బియ్యం. వాళ్ళ అమ్మమ్మ చేలో పండినవి. ఆవిడే నూర్చి, దంచి పంపింది, ఈ పిల్ల ఇక్కడికి వస్తుంటే."

"పంపితె మళ్ళ పంపుతది. నేను ఫోన్ల మాట్లాడుత, తప్పైందంట."

"ఆవిడ పోయిన చలికాలంలో పోయారు. ఈ పిల్ల వెళ్ళలేకపోయింది, పరీక్షలు."

నేను పిండి గిన్నె మీద మూత పెట్టిన.

"రేపు అమావాస్య కదా. వాళ్ళ దగ్గర పోయినవాళ్ళకి ఆ రోజు అన్నం పెడతారట. ఆకులో పొట్లం కట్టి, తెల్లవారకముందే నేల మీద పెడతారట. తీసుకోడానికి పోయినవాళ్ళు వస్తారట. ఆవిడకి ఇది మొదటి ఏడు. సొంత చేలో బియ్యం తప్ప వేరే బియ్యం ముట్టేది కాదట. అందుకని ఆ పిల్ల సంచిలో దాచుకుంటూ వచ్చింది."

మాకు పెత్రమాస ఉన్నది. పోయినోళ్ళ పేరు చెప్పి బియ్యం ఇచ్చే అమాస. మా అమ్మకు మొదటి పెత్రమాస నాడు ఎవరన్న వచ్చి నా చాటల బియ్యం ఒలకబోసి ఉంటె నేను వాళ్ళను బతకనిద్దునా? అటువంటిది, ఒక ముసలామె తన చేతులతోని దంచిన ఆఖరి గింజలను నేను గిర్నిల పోసిన. అక్కడ ఆమె ఎదురుచూస్తాంటది, మనుమరాలు పొట్లం పెడ్తదని.

"ఇంకోటి" అన్నది కోడలు. "మీరు తీసుకెళ్తుంటే ఆ థాయిలాండ్ అమ్మాయి చూసింది. అవి ఎందుకో దానికి తెలుసు. అయినా చెప్పలేదు. అదీ గొడవ."

వరండాల నిలబడ్డ పిల్ల దిక్కు చూసిన. ఈసారి నవ్వలె ఆమె.

నా కోడలు ఆ గడియల నన్ను ఎన్నైనా అనొచ్చు. "అడిగి చెయ్యాలని తెలీదా?" అనొచ్చు. ఆమె పులుసు జరిపిన కంచాలకు అన్నిటికి ఒక్కసారి బదులు తీర్చుకోవచ్చు. నేనైతె తీర్చుకుందును. ఆమె చేతులు కడుక్కొని వచ్చి, పిండి తీసి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది.

"పులవలేదు. పాడవలేదు. వేయిస్తే పేలుతుంది, ఆవిరికి పెడితే నిలబడుతుంది. మా అమ్మ కుడుముల్లా. బెల్లం, కొబ్బరి లోపల పెట్టి ఆకులో చుడదాం. ఆ బియ్యమే కదా అత్తయ్యగారూ. పోయింది ఒక్క పిడికెడే."

పోలాల అమాస అని వాళ్ళ దిక్కు మరునాడే పండుగ. కంద మొక్కకు పూజ చేస్తరు. దానికని వాళ్ళ నాయిన బస్సు పార్సిల్ల అరటాకులు, పనసాకులు పంపిండు. ఏటా ఆ ఆకుల మూట రాంగనే "ఆకులు సుత మా ఊర్లె దొరకయా?" అని సాధించేదాన్ని. ఆనాడు ఆ మూట ఇప్పుతాంటె నోరు లేవలె.

పిల్లను పిలవడానికి నేనే పోయిన. మోకాళ్ళు పట్టుకొని మెట్లెక్కి తలుపు కొట్టిన. తియ్యలె. తలుపు బయట్నే కూసోని తెలుగుల్నే చెప్పిన, ఆమెకు ఎంత తెలిసిందో ఏమో. "బిడ్డా, తప్పు చేసిన. మీ అమ్మమ్మ బియ్యం నా దగ్గర్నే ఉన్నయి. రూపం మారింది. కిందికి రా." లోపల ముక్కు ఎగబీల్చిన చప్పుడు తప్ప ఏం లేదు.

దిగి వచ్చేసరికి కోడలు ఆకును పొయ్యి సెగ మీద తిప్పి మెత్తపరుస్తాంది. మడత పెడితె చినుగుతాంది. రెండు ఆకులు పాడైనయి. అప్పుడు థాయిలాండ్ పిల్ల మెట్లు దిగి వచ్చింది. పిలువలె ఎవరు. నేల మీద మోకాళ్ళు మడిచి కూసున్నది. ఆకు అందుకొని సెగకు ఒక్క తిప్పు తిప్పింది, ఈనె తీసేసింది, పిండి ముద్ద పెట్టింది, ఇటు మడిచి అటు మడిచి, చివరికి పుల్ల గుచ్చి కింద పెట్టింది. నేను కన్ను మూసి తెరిచేలోపు అయింది. రంగు గోర్ల చెయ్యి అట్ల నడుస్తదని నేను అనుకోలె.

కోడలు ఇంగ్లీషుల ఏదో అడిగింది. ఆ పిల్ల తల ఎత్తకుండ రెండో ఆకు మడుసుకుంట చెప్పింది.

"ఏమంటాందే?" అన్న.

"దీనికీ ఒక అమ్మమ్మ ఉండేదట. వాళ్ళ దేశంలోనే, నదికి ఇవతలి పల్లె. అక్కడ మాట్లాడేది, తినేది, ఈ పొట్లాలు పెట్టేది అంతా లావోస్ వాళ్ళలాగేనట. ఆవిడ పట్నం వచ్చి ఇళ్ళల్లో బట్టలుతికిందట. బయట ఆ మాట మాట్లాడితే నవ్వుతారని వాళ్ళమ్మ ఇంట్లో ఆ భాష బంద్ చేసిందట. ముసలావిడ వంటింట్లో ఒక్కతే గొణుక్కునేదట."

కోడలు చెప్పుడు ఆపింది. నేను పిండి దిక్కు చూసిన, ఆమె ఆకు దిక్కు చూసింది. నా మనుమరాలికి ఆమె ఏం చెప్పిందో ఆమెకు యాదికొచ్చింది. వాళ్ళింట్ల రెండు దినాలు నోరు మూసుకున్నది నాకు యాదికొచ్చింది. ఇద్దరం ఆ ముచ్చట తియ్యలె.

"మరి బియ్యం తీస్కపోతాంటె ఎందుకు చెప్పలేదట?" అని అడిగిన. అడగాలె కద.

పిల్లే తెలుగుల చెప్పింది, వచ్చిన కాడికి. "చెప్పాలె అనుకున్న అవ్వా. చెప్పలె. నాది తప్పు."

"నాది పెద్ద తప్పు, నీది చిన్న తప్పు. ఆకు మడువు" అన్న.

కుడుములు ఆవిరికెక్కినయి. నా బుర్ర ఊకోలె. "లావోస్ పిల్ల అమ్మమ్మ చేప తినేదా?" అన్న కోడలితోని.

"ఇందాక పైన ఆ పిల్లే చెప్పింది, చేప లేకుండా ముద్ద దిగేది కాదట."

"ధర్మసాగర్ చెరువు చేపలామె ఇప్పుడే గల్లీల పోయింది, ఉరికి తెస్త."

"అత్తయ్యగారూ! రేపు నాకు పూజ!"

"పూజ నీకు రేపు. ఆమెకు ఆకలి ఇయ్యాల."

కోడలు నడుముకు చేతులు పెట్టుకొని నన్ను చూసింది. పనసాకులు చూసింది. "వెనక మీ కట్టెల పొయ్యి మీద వండండి. నా గిన్నె ముట్టుకోవద్దు. నా గరిటె ముట్టుకోవద్దు. వండాక తలస్నానం చెయ్యందే లోపలికి రావద్దు" అన్నది. ఆచారం గల ఇంటి పిల్లకు అది ఎంత పెద్ద మాటనో నాకు తెలుసు. పదమూడేండ్లల నేను ఆమె కోసం అంత జరగలె.

చేప కాలుతాంటె కమ్మటి వాసన మెట్లెక్కింది. పైన గడియ తీసిన చప్పుడైంది. లావోస్ పిల్ల ఉబ్బిన కండ్లతోని దిగి వచ్చింది. వరుసగ పెట్టిన పొట్లాలు చూసింది. ఎవరు మడిచిన్రో చూసింది. ఇద్దరు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నరు. థాయిలాండ్ పిల్ల మెల్లగ ఒక మాట అన్నది. పట్నం మాట కాదది, ఇనంగనే నాకే తెలిసింది, సాగుడు వేరే ఉన్నది. లావోస్ పిల్ల బిత్తరపోయింది. ఏదో తిరిగి అడిగింది. ఆమె తల ఊపింది. ఏమన్నవని నేను అడగలె, కోడలు కూడ అడగలె. కొన్ని వాళ్ళవే.

నేను ఒక కుడుము ఇప్పి ఆ పిల్ల చేతుల పెట్టిన. "మీ అమ్మమ్మకు అన్నమే కావాలె కావచ్చు, నేను పిండి చేసిన. ఆమెకు ముట్టుతదా?"

పిల్ల కొరికింది. జిగురు సాగింది. నమిలింది. కోడలికి చెప్పింది. కోడలు కొంగుతోని కండ్లు ఒత్తుకుంట నాకు చెప్పింది.

"చివర్లో వాళ్ళ అమ్మమ్మ నోట్లో ఒక్క పన్నూ లేదటండీ. అన్నం నమల్లేక అవస్థ పడేదట. ఇది మెత్తగా ఉంది, తినగలుగుతుంది అంటోంది."

ఆ మాట అన్న పిల్లకు నేను రుణపడి ఉన్న. ఆమె ఇంకేమన్న అనొచ్చు. అనే హక్కు ఉన్నది.

"మీ అమ్మమ్మ ఆకు, వక్క ఏసేదా?" అని అడిగిన. ఏసేదన్నది. నా సంచిల నుంచి తమలపాకు, వక్క, సున్నం తీసి ఇచ్చిన. "పండ్లు లేకపోతె వక్క దంచి పెట్టాలె" అని చిన్న రోట్లె దంచి కూడ ఇచ్చిన. ఆ పని నాకు మంచిగ తెలుసు, నావి సుత నాలుగే మిగిలినయి.

పొట్లాలు ఎన్ని పెట్టాల్నో వాళ్ళిద్దరే లెక్క చెప్పిన్రు. ఒకటి లావోస్ పిల్ల అమ్మమ్మకు. ఒకటి థాయిలాండ్ పిల్ల అమ్మమ్మకు. ఒకటి ఎవ్వరు పెట్టేటోళ్ళు లేని వాళ్ళకు, అది తప్పకుండ పెట్టాల్నట. మూడు అయినయి. పొద్దుగాల చూస్తె నాలుగున్నయి. నాలుగోది కోడలు కట్టింది, నాకు చెప్పకుండ. దాంట్లె చేప లేదు. కుడుము, దాని పక్కన చిన్న పనసాకు బుట్టల బెల్లం ఏసిన పులుసు.

"ఎవలకే ఇది?"

"మామయ్యగారికి. ఆయనకి నా పులుసు ఇష్టం. మీరు పడుకున్నాక వచ్చి గిన్నెలో మిగిలింది తాగేవారు. మీకు చెప్పొద్దనేవారు."

నలభై ఏండ్ల కాపురం చేసిన ఆయన ముచ్చట ఒకటి నాకు తెల్వకుండ మిగిలి ఉన్నది. దాన్ని నా కోడలు దాచి, ఆ పొద్దున నా చేతుల పెట్టింది. "నీ కుడుములు మంచిగైనయి" అన్న. పదమూడేండ్లల ఆమె వంటకు నేను చెప్పిన మొదటి మంచి మాట అది.

"ఉప్పు తక్కువైందండీ" అన్నది.

"తక్కువేం కాలె. సరిపోయింది, కోడలా."

ఐదు ఇరవైకి పొట్లాలు పెట్టినం. మట్టి తడిగ ఉన్నది, చలి లేదు. లావోస్ పిల్ల మైనం వత్తి ముట్టిచ్చింది. గాలికి ఆరిపోతె థాయిలాండ్ పిల్ల అరచెయ్యి అడ్డం పెట్టింది. ఇద్దరు మోకాళ్ళ మీద కూసోని మెల్లగ పిలిచిన్రు. పేర్లు పెట్టి పిలిచినట్టున్నరు. మా ఆయన్ను నేను పేరు పెట్టి ఏనాడు పిలువలె, "ఇగో, వచ్చి తిను" అన్న, బతికున్నప్పటి లెక్కనే.

ఆ తర్వాత ఇద్దరు అక్కచెల్లెండ్లు అయిన్రని రాయను, అబద్ధమైతది. వారం తిరగకముందే ఫ్యాను కోసం కొట్లాడిన్రు. బుద్ధుని లొల్లి ఇంక తెగలె. గని చేపల సీసా ట్యాంకు కింద నుంచి రూముల మంచం కిందికి వచ్చింది. దాని కంపు మా అందరికి సమానంగ వస్తాంది. ఉప్పు కోసం ఎవరు మెట్లు దిగుత లేరు. మా ఇంట్ల పులుసుల బెల్లం పడుతనే ఉన్నది, కంచం జరపకుండ తింటాన. మనుమరాలు నా తీరు మాట్లాడితె కోడలు ఊకుంటాంది.

ఆ పొద్దున గోడకాడ ఉన్నోళ్ళను రాసి పెడ్త, మర్చిపోకముందే. లావోస్ పిల్ల. థాయిలాండ్ పిల్ల. తడి జుట్టుతోని నా కోడలు. నేను. మనుమరాలు నిద్రపోయింది, ఆమెను లెక్కల పట్టలె. కొడుకు డ్యూటీల ఉన్నడు. పాలాయన సైకిల్ దిగి, వెనుక గేటు అవుతల క్యాన్ పట్టుకొని, ఏందని అడగకుండ చెప్పులు ఇడిసి నిలబడ్డడు, ఆయన ఉన్నట్టే. ఇగ పిలిస్తె వచ్చినోళ్ళు: నది అవుతలి ఒడ్డు ముసలామె, నోట్లె పండ్లు లేనామె. నది ఇవుతలి ఒడ్డు ముసలామె, వంటింట్ల గొణుక్కున్నామె. పెట్టేటోళ్ళు లేనోళ్ళు, ఎంతమందో తెల్వది. మా ఆయన.